నున్నటి చెంప ఆరోగ్యానికి కొలబద్ద కాదు

ఎలక్ట్రిక్ షేవర్లలో ఏది మంచిదని ఈ మధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. అడిగేవారు అప్పటికే రెండు మూడు ప్రకటనలు చూసి ఉంటారు. నటుడు అద్దం ముందు నిలబడి చెంప నిమురుకుంటాడు. పక్కనున్నవారు ఆ నునుపు చూసి మురిసిపోతారు. అందువలన వారి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఎంత నున్నగా గీస్తుంది డాక్టరుగారూ?” ప్రభుత్వాసుపత్రులలో జీవితమంతా గడిపినవాడిగా నేను ఆ ప్రశ్నే సరైనది కాదంటున్నాను. షేవర్ మంచిచెడ్డలను అది గాయపరచకుండా విడిచిపెట్టిన చర్మాన్ని బట్టి నిర్ణయించాలి. వెంట్రుక ఎంత లోతుకు తెగిందన్నది తరువాతి మాట.

ముందుగా మా వృత్తి చేసిన తప్పును ఒప్పుకుంటాను. నేను ఉద్యోగంలో చేరిన రోజులలో, ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం వార్డులోకి క్షురకుడు వచ్చేవాడు. హెర్నియా రోగి అయితే బొడ్డు మొదలుకొని తొడల దాకా రేజరుతో నున్నగా గీసి వెళ్లేవాడు. వెంట్రుకలలో క్రిములుంటాయి, వాటిని తీసివేస్తే కోత చీము పట్టదని మా విశ్వాసం. జరిగింది దానికి విరుద్ధం. రేజరు చర్మం మీద కంటికి ఆనని గీతలు పెడుతుంది. తెల్లవారేసరికి ఆ గీతలలో క్రిములు వృద్ధి పొందుతాయి. ఉదయం మేము సరిగ్గా ఆ చర్మం మీదనే కత్తి పెట్టేవాళ్లం. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్లు, పరిశుభ్రత బోధించే మేమే చీముకు తలుపు తెరిచేవాళ్లమన్న మాట. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన శస్త్రచికిత్సా మార్గదర్శకాలు ఈ విషయంలో విస్పష్టంగా ఉన్నాయి: వెంట్రుకలు తీయనే వద్దు, తప్పనిసరి అయితే క్లిప్పరుతో కత్తిరించండి, రేజరుతో మాత్రం గీయవద్దు.

ఆపరేషన్ బల్ల మీద నిజమైన సంగతి అద్దం ముందు అబద్ధమైపోదు కదా! పొట్ట మీది చర్మానికి ఒక్కసారి గీయడమే హాని అయినప్పుడు, ముఖం మీది చర్మాన్ని ప్రతి ఉదయం గీకి, దానికి పరిశుభ్రత అని పేరు పెట్టుకోవడం ఏమి తర్కం?

నునుపు ఎలా వస్తుందో కూడా తెలుసుకోవాలి. నాలుగైదు బ్లేడ్ల రేజరులో మొదటి బ్లేడు వెంట్రుకను కొద్దిగా పైకి లాగుతుంది. అది వెనక్కి జారేలోగా తరువాతి బ్లేడు కోస్తుంది. మిగిలిన మొన చర్మమట్టం కంటే కిందికి దిగిపోతుంది. చేత్తో తడిమితే హాయిగానే ఉంటుంది. అయితే వంకీ తిరిగిన వెంట్రుక అయినప్పుడు, ఆ వాడి మొన తిన్నగా పైకి రాదు; పక్కకు గుచ్చుకొని చర్మంలోనే పెరుగుతుంది. శరీరం దానిని దిగబడిన ముల్లుగానే చూస్తుంది. దవడ కింద, మెడ మీద గుంపుగా లేచే ఎర్రటి పొక్కులకు చాలాసార్లు మూలం ఇదే. వైద్యులు దీనిని సూడోఫాలిక్యులైటిస్ అంటారు. కుర్రవాళ్లు వాటిని మొటిమలనుకొని మందుల దుకాణంలో దొరికిన క్రీము రాస్తారు. మరునాడు పొక్కుల మీదనే ఇంకాస్త అదిమి గీస్తారు. ఇటువంటి చర్మానికి కావలసింది మరింత పదునైన బ్లేడు కాదు. ఒక మిల్లీమీటరు వెంట్రుకను మిగిల్చే మామూలు ట్రిమ్మర్ చాలు.

“ఇంత చిన్న గాటుకు ఇంత రాద్ధాంతమా?” అని కొందరు అడుగుతారు. ఆ గాటు ఎవరికి పడిందన్నదాన్ని బట్టి దాని పరిమాణం మారుతుంది. గుండె కవాటం మార్పిడి జరిగి వార్ఫరిన్ వాడుతున్న ఒక పెద్దాయన, ఒక పండుగనాటి ఉదయం మెడకు తువ్వాలు చుట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. తువ్వాలు సగం ఎర్రబడింది. గాయం చూస్తే గోరంత కూడా లేదు. గంట దాటినా రక్తం ఆగకపోవడంతో ఇంటిల్లిపాదీ వణికిపోయారు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, అదుపులో లేని మధుమేహం ఉన్నవారు, క్యాన్సర్ చికిత్సలో ప్లేట్‌లెట్లు తగ్గినవారు, మెడకు ముఖానికి రేడియేషన్ పొందుతున్నవారు, చేతులు వణికే వృద్ధులు - వీరికి ఎలక్ట్రిక్ షేవర్ విలాస వస్తువు కాదు. మందుల చీటీలో రాయదగిన వస్తువు. మందుల గురించి పది నిమిషాలు చెప్పే మేము, “బ్లేడు మానండి” అన్న రెండు మాటలు చెప్పడం మరిచిపోతుంటాం. ఆ లోపం మాదే.

ఇక అసలైన తగాదాకు వస్తాను. “ట్రిమ్మర్‌కు బ్లేడు బయటికి ఉండదు, గాయం కాదు, కాబట్టి ఇంట్లో అందరికీ ఒకటి చాలు” అన్నది మన మధ్యతరగతి ఇళ్లలో స్థిరపడిన అభిప్రాయం. దీనితో నేను ఎంతమాత్రం ఏకీభవించను. ఒక ఇంటినుంచి తండ్రి, ఇద్దరు కొడుకులు ఒకే నెలలో గడ్డంలో తామరతో వచ్చారు. ముగ్గురికీ విడివిడిగా సబ్బులున్నాయి, తువ్వాళ్లున్నాయి. ట్రిమ్మర్ మాత్రం ఒకటే. ముందుగా అంటుకున్న పెద్దకొడుకుకు మందు వేయించారు, ట్రిమ్మర్‌ను పట్టించుకోలేదు. తామరే కాదు, గడ్డంలోని పులిపిర్లు, వెంట్రుక కుదుళ్లలో చీము పుట్టించే స్టాఫైలోకాకస్ క్రిములు కూడా ఇదే మార్గంలో ప్రయాణం చేయగలవు. ఎవరూ తమ దంతాల బ్రష్‌ను కొడుకుకు ఇవ్వరు. చర్మపు తుంపులు ఇరుక్కున్న షేవర్‌ను మాత్రం ఆదివారం ఉదయం ఒకరి తరువాత ఒకరు ప్రేమగా అందించుకుంటారు!

సెలూన్ల సంగతి మరీ విచిత్రం. 1990లలో ఎయిడ్స్ గురించిన ప్రచారం మనకు ఒక మంచి అలవాటు నేర్పింది. కుర్చీలో కూర్చోగానే “కొత్త బ్లేడు వేయి” అంటాం. క్షురక వృత్తిలోని సోదరులు కూడా దానిని మనస్ఫూర్తిగా స్వీకరించారు. మన కళ్లముందే కాగితం విప్పి బ్లేడు మారుస్తారు. ఆ తరువాత ఏం జరుగుతుందో గమనించండి. ముందు కూర్చున్నవారి మెడ మీద తిరిగిన ట్రిమ్మర్ అదే తలతో మన మెడ మీదికి వస్తుంది. గీత పడితే, పదిమంది ముఖాలకు రుద్దిన పటిక ముక్కే మన గాయానికీ తగులుతుంది. బ్లేడు దగ్గర జాగ్రత్తపడిన నోరు వీటి దగ్గర మెదలదు.

ఈ భయం అర్థం లేనిదేమీ కాదు. హెచ్ఐవి శరీరం బయట త్వరగా బలహీనపడుతుంది. హెపటైటిస్ బి వైరస్ అలా కాదు. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజుల పాటు అంటించే శక్తిని నిలుపుకుంటుంది. కాలేయాన్ని ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా తినే వ్యాధి అది. ట్రిమ్మర్ వలన కలిగే ప్రమాదం బ్లేడు వలన కలిగేదంత పెద్దది కాదని నేనూ ఒప్పుకుంటాను. కాని అదిమి పట్టినప్పుడు ట్రిమ్మర్ కూడా చర్మాన్ని గీరుతుంది, రక్తం చిమ్మకపోయినా చెమ్మగిల్లుతుంది. చిన్న ప్రమాదమే అయినా, దానిని తప్పించుకోవడానికి అయ్యే ఖర్చు ఇంకా చిన్నది. తప్పు క్షురకునిది అని చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. రోజంతా ఇతరుల రక్తానికి దగ్గరగా పనిచేసేవాడు అతడే. మొదటి డోసు, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది - ఈ మూడు డోసుల హెపటైటిస్ బి టీకా ముందుగా అందవలసింది అతనికి. మన వంతుగా సొంత ట్రిమ్మర్‌ను సంచిలో వేసుకొని వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు.

ఇంతకూ ఏది కొనాలి? ఖరీదును బట్టి మాత్రం కాదు. దుకాణంలో మీరు అడగవలసిన మొదటి ప్రశ్న: దీని తల విప్పదీసి నీటి కింద కడగవచ్చునా? కడగడానికి వీలులేని షేవర్ ఎంత ఖరీదైనదైనా నాకు వద్దు. కడగవచ్చునని వివరాలలో స్పష్టంగా రాసి ఉండాలి. డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉంటే, మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా లోపలికి నీరు చేరదని అర్థం. రెండవ ప్రశ్న: తల అరిగితే విడిగా కొత్తది దొరుకుతుందా? ఫాయిల్ గాని, లోపలి కట్టర్ గాని ఏడాదిన్నర, రెండేళ్లకు మార్చవలసి వస్తుంది. మొద్దుబారిన కట్టర్ వెంట్రుకను కోయదు, పీకుతుంది. విడితలలు దొరకని చౌక షేవర్ రెండవ ఏట మీ చర్మం మీద వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

మూడవ ప్రశ్న మీ గడ్డం గురించి. రోజూ గీసుకొనేవారికి, సున్నితమైన చర్మం ఉన్నవారికి, జల్లెడ వంటి పలుచని రేకు కింద కట్టర్ కదిలే ఫాయిల్ షేవర్ సాధారణంగా అనుకూలం. మూడు నాలుగు రోజులకొకసారి గీసుకొనేవారికి, నలుదిక్కులా పెరిగే వెంట్రుకలు ఉన్నవారికి, గుండ్రంగా తిరిగే రోటరీ షేవర్ సులువు. పొక్కుల బాధ ఉన్నవారు రెండింటినీ పక్కన పెట్టి ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోవాలి. బ్లేడు నుంచి షేవర్‌కు మారినవారు రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. నునుపు కోసం అదమవద్దు, చర్మాన్ని సాగదీయవద్దు. పని అయ్యాక కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, కంపెనీ చెప్పిన నూనె చుక్క వేయాలి. ఛార్జింగ్ తీగ తగిలించి ఉండగా స్నానాలగదిలో వాడటం ప్రాణాలతో చెలగాటం. అన్నిటికంటే ముఖ్యం: షేవర్ మీద మీ పేరు రాసుకోండి.

బ్లేడుతో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేనివారు, ఏ మందులూ వాడనివారు షేవర్ కోసం పరుగెత్తనవసరం లేదు. మంచి సబ్బునురుగు, శుభ్రమైన సొంత బ్లేడు వారికి చాలు. నా వాదం బ్లేడు మీద కాదు, నునుపు పిచ్చి మీద. చెంప మీద ఒక మిల్లీమీటరు గరుకు మిగిలినందువల్ల ఎవరి ఉద్యోగమూ పోదు, ఎవరి గౌరవమూ తగ్గదు. ఈసారి సెలూన్ కుర్చీలో కూర్చున్నప్పుడు “కొత్త బ్లేడు” అన్న మాటకు మరో మాట కలపండి: “ట్రిమ్మర్ నాదే తెచ్చుకున్నాను, పటిక వద్దు.” మొదటి రోజు పక్కవారు నవ్వుతారు. “కొత్త బ్లేడు” అని అడిగిన మొదటివాణ్ణి చూసి కూడా నవ్వే ఉంటారు.