టెక్సాస్‌లో ఇన్‌స్పెక్షన్ పోయింది, అద్దం మీద స్టిక్కర్ పోలేదు

టెక్సాస్‌లో ఉంటున్న మనవాళ్ల మధ్య ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది: "ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కదా, ఇంక స్టిక్కర్ గొడవ లేదు." ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం నమ్మితే మాత్రం పోలీసు మిమ్మల్ని రోడ్డు పక్కన ఆపుతాడు.

2023లో ఆమోదించిన హెచ్‌బీ 3297 చట్టం ప్రకారం 2025 జనవరి 1 నుంచి కమర్షియల్ కాని కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ అక్కర్లేదు. బ్రేకులు, లైట్లు, టైర్లు చూసే పరీక్ష పోయింది. దాని తాలూకు ఏడున్నర డాలర్లు మాత్రం పోలేదు, రిజిస్ట్రేషన్‌తో పాటే తీసుకుంటున్నారు. కొత్త కారైతే మొదటి రెండేళ్లకు కలిపి 16.75 డాలర్లు. లేని పరీక్షకు ఫీజేమిటో వాళ్లే చెప్పాలి!

పొగ పరీక్ష కూడా పోయిందనుకోవద్దు. 17 కౌంటీల్లో అది అలాగే ఉంది. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హ్యారిస్, ఫోర్ట్ బెండ్, ట్రావిస్, విలియమ్సన్, అంటే మనవాళ్లు ఎక్కువగా ఉండే కౌంటీలన్నీ అందులోనే ఉన్నాయి. ఎలక్ట్రిక్ కార్లకు, మరీ కొత్త కార్లకు మినహాయింపు ఉంది. మిగిలినవాళ్లు పొగ పరీక్ష పాసవ్వకపోతే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు, రెన్యూ కాకపోతే స్టిక్కర్ రాదు.

అసలు ఇన్‌స్పెక్షన్‌కు విడిగా ఉండే స్టిక్కర్‌ను 2015 మార్చిలోనే తీసేశారు. అప్పటి నుంచి అద్దం మీద ఉంటున్నది రిజిస్ట్రేషన్ స్టిక్కర్ ఒక్కటే. డ్రైవర్ వైపు కింది మూలన, లోపలి నుంచి అంటించాలి. కాలిఫోర్నియా నుంచో జార్జియా నుంచో ఉద్యోగం మారి వచ్చినవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది, అక్కడ స్టిక్కర్ నంబర్ ప్లేటు మీద ఉంటుంది కాబట్టి. అలా వచ్చినవాళ్లు 30 రోజుల్లో టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

తప్పితే ఏమవుతుంది? చట్టంలో ఇది చిన్న నేరమే, జరిమానా 200 డాలర్లు దాటదు. గడువు ముగిశాక అయిదు పనిదినాలు వెసులుబాటు ఉంది. ఆ తర్వాత టికెట్ రాసినా, 20 పనిదినాల్లోపు ఆలస్య రుసుము కట్టి రెన్యూ చేసుకుంటే కోర్టు కేసు కొట్టేయవచ్చు, అందుకు 20 డాలర్ల లోపు ఫీజు తీసుకుంటారు. ఇంతవరకు చూస్తే భయపడాల్సిందేమీ లేదు.

అసలు సంగతి ఆపిన తర్వాత మొదలవుతుంది. పోలీసు ముందు లైసెన్స్ అడుగుతాడు, తర్వాత ఇన్సూరెన్స్. వీసా మీద ఉన్నవాళ్ల లైసెన్స్ గడువు వాళ్ల ఇమిగ్రేషన్ కాగితాల గడువుతోనే ముగుస్తుంది. హెచ్-1బీ ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉండి, లైసెన్స్ అయిపోయి, "ఆఫీసు దగ్గరే కదా" అని నడిపేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. స్టిక్కర్ కోసం ఆపితే అదీ బయటపడుతుంది.

జరిమానా మాత్రమే ఉన్న నేరానికి అరెస్టు చేయరులే అని చాలామంది ధీమా. ఆ ధీమాకు ఆధారం లేదు. 1997లో ఆస్టిన్ దగ్గరి లాగో విస్టా అనే ఊళ్లో గెయిల్ అట్‌వాటర్ అనే తల్లిని పోలీసు సీటు బెల్టు పెట్టుకోలేదని సంకెళ్లు వేసి తీసుకెళ్లాడు. ఆ నేరానికి గరిష్ఠ జరిమానా 50 డాలర్లు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు నిలిచి, అరెస్టు రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చారు. స్టిక్కర్ లేదని చాలామందికి వచ్చేది టికెట్టో హెచ్చరికో తప్ప సంకెళ్లు కాదు, నిజమే. కానీ అది చట్టం ఇచ్చిన రక్షణ కాదు, ఆ అధికారి విచక్షణ.

ఇక టికెట్‌ను పట్టించుకోకపోవడం అన్నిటికన్నా చెడ్డది. డెంటన్‌లో చదివే కుర్రాడికి టికెట్ వచ్చింది, ఈలోగా న్యూజెర్సీలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు అనుకోండి. కోర్టు తేదీ దాటితే వారెంట్ పడవచ్చు, లైసెన్స్ రెన్యువల్ ఆగిపోవచ్చు. 2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తుంది కదా. విదేశీ విద్యార్థుల పేర్లను పోలీసు డేటాబేస్‌తో సరిచూసి వేలమంది సెవిస్ రికార్డులు రద్దు చేశారు. కొట్టేసిన కేసులున్నవాళ్లు, ట్రాఫిక్ తప్పులు తప్ప ఇంకేమీ లేనివాళ్లు కూడా అందులో ఉన్నారు. కోర్టుల్లో వరసగా ఎదురుదెబ్బలు తగిలాక నెలాఖరులో పునరుద్ధరించారు. ఒట్టి స్టిక్కర్ టికెట్‌తో వీసా పోదు. పోలీసు రికార్డుల్లో పేరు ఎక్కితే ఎప్పుడు ఎవరు ఎలా వాడతారో చెప్పలేని రోజులివి, అంతే.

మా అభిప్రాయం అడిగితే, ఈ స్టిక్కర్ అవసరమే తీరిపోయింది. ప్లేటు నంబర్ కొడితే రిజిస్ట్రేషన్ వివరాలన్నీ పోలీసు కారులోని కంప్యూటర్‌లో వస్తాయి. బ్రిటన్ 2014 అక్టోబర్ 1న అద్దం మీద ట్యాక్స్ డిస్క్ పెట్టే నిబంధన తీసేసింది. పెన్సిల్వేనియా 2016 చివర్లో ప్లేటు స్టిక్కర్లు ఆపేసింది. టెక్సాస్ మాత్రం పరీక్షను వదులుకుంది గానీ, కారు ఆపడానికి పోలీసుకు దొరికే సాకును వదులుకోలేదు. శాసనసభ మనసు మారేదాకా అంటించక తప్పదు.

రెన్యువల్ గడువుకు 90 రోజుల ముందే తెరుస్తారు. ఆన్‌లైన్‌లో కడితే స్టిక్కర్ పోస్టులో వచ్చేలోపు ఆ రసీదు 31 రోజులు చెల్లుతుంది, ప్రింట్ తీసి కారులో పెట్టుకోండి.

చివరగా, మన వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారే సెకండ్‌హ్యాండ్ కార్ల గురించి. అమ్మే అన్న ఇండియా వెళ్లిపోతున్న తొందరలో తాళాలిచ్చి వెళ్తాడు, కొన్న తమ్ముడు "స్టిక్కర్ ఇంకా ఎనిమిది నెలలుంది" అని అలాగే తిప్పుతాడు. ఆ స్టిక్కర్, ఆ ప్లేట్లు అమ్మినవాళ్లవి. అమ్మేటప్పుడు రెండూ తీసేసి, బండి అమ్మినట్టు మోటార్ వెహికల్స్ శాఖకు 30 రోజుల్లో తెలపాలి. కొన్నవాళ్లు అదే గడువులోపు కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో టైటిల్ తమ పేరున మార్పించుకోవాలి. వీలైతే ఇద్దరూ కలిసే వెళ్లండి, ఒక్క పూట పని.