గ్లవుజులు తీసేయండి!

సూళ్లూరుపేట అనగానే శ్రీహరికోట రాకెట్లు గుర్తొస్తాయి. రాకెట్టయినా, ఇంటి గేటయినా లోహానికి బెజ్జం వేయక తప్పదు. ఆ పనిచేసే యంత్రాల్లో బల్లమీద బిగించేది బెంచ్ డ్రిల్లు. సాధారణంగా 13 మిల్లీమీటర్లలోపు బెజ్జాలకు సరిపోతుంది. నేలమీద స్తంభంలా నిలబడేది పిల్లర్ డ్రిల్లు. పెద్ద బెజ్జాలకు, బరువైన పనులకు అదే కావాలి. ఏదైనా సరే- బిట్ సన్నదైతే వేగం ఎక్కువ, లావైతే తక్కువ ఉండాలి. ఇనుప ముక్కను చేత్తో పట్టుకోకుండా వైస్‌లో బిగించాలి. లేదంటే బిట్ పట్టేసినప్పుడు ముక్క గిర్రున తిరిగి చేతిని కోసేస్తుంది. చక్ కీ తీశాకే స్విచ్ వేయాలి. కళ్లద్దాలు తప్పనిసరి. గ్లవుజులు మాత్రం వద్దే వద్దు! రక్షణ కోసం తొడుక్కున్నదే తిరిగే బిట్‌కు చుట్టుకుని వేళ్లను లాగేస్తుంది. మీ ఇంట్లో ఐటీఐ ఫిట్టర్ చదివే పిల్లలుంటే ఈ మాట చెవిన వేయండి.