సిరిని నమ్మవలదన్న మాట ఎవరికి?

లూకా వ్రాసిన సువార్తలో నొక భూస్వామి కథ గలదు. ఒక యేట నతని భూమి విరివిగా బండెను. ధాన్యము నిలువచేయుటకు గాదెలు చాలవయ్యెను. ఉన్నవాటిని విప్పించి యంతకంటె పెద్దవి కట్టించెదననియు, ఇక పెక్కేండ్లవరకు తిని త్రాగి సుఖముగా నుండవచ్చుననియు నతడు తనలో దాను మురిసికొనెను. ఆ రాత్రితోనే యతని కాలము తీరినదని దైవవాక్కు వినవచ్చెను. యేసు ఈ కథ నే సందర్భమున జెప్పెనో పలువురు మరచిపోవుదురు. పిత్రార్జితములో దనకు రావలసిన భాగమును సోదరునిచేత నిప్పింపుమని యొకడు వచ్చి యడిగెను. అతనికి బదులుగా జెప్పిన కథ యిది. గట్టు తగవులును, పంపకముల వ్యాజ్యెములును లేని యూరు కానరాని మన కృష్ణామండలమున దీనికి వ్యాఖ్యాన మక్కరలేదు.

ఇంతకును ఆ భూస్వామి మనకు పరాయివాడు కాడు. 1832-33 సంవత్సరముల డొక్కల కరువులో కృష్ణా తీరమున జనము తిండిలేక మాడిపోయినపుడు, గాదెలను పెద్దవి చేసికొనవలసిన చింత సామాన్యుల కెవ్వరికిని లేకుండెను. 1852లో బెజవాడకడ, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ, ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసెను. 1957లో దానికి మారుగా ప్రకాశము బ్యారేజి వెలసెను. కాలువలు పారినచోట సార్వా పండెను. తరువాత దాళ్వాయు బండెను. పెరటిలో నెన్ని పురులున్నవో లెక్కచూచి పిల్లనిచ్చు కాలము వచ్చెను. నేడు పురులు పోయినవి. వాటికి బదులు బ్యాంకు డిపాజిట్లును, బెజవాడ చుట్టుపట్ల గొన్న నివేశనస్థలముల దస్తావేజులును వచ్చినవి. గాదె రూపు మారినదిగాని గాదెను జూచి ధైర్యము దెచ్చుకొను మనస్సు మారలేదు. ఆ కథ యెవరికొరకు జెప్పబడినదో వారు మనమే. అనగా ఈ పత్రికను జదువు గృహస్థులమును, వ్రాయు మేమును.

అట్లుండగా ఈ మాట మన గుమ్మములు దాటి యెక్కడికో పోవుచున్నది. ధనమును నమ్మవలదు, దేవుని నమ్ముము అను బోధ ధనము లేనివారికే దినదినమును వినిపించుచున్నది. గత సంవత్సరము మా తరగతిలోని యొక బాలుని తల్లి, నాట్లకును కోతలకును కూలికి బోవునది, చెవి కమ్మలు తాకట్టుపెట్టి యా సొమ్మును ఒక పెద్ద సభలో "విత్తనపు కానుక"గా సమర్పించెను. విత్తు నాటిన రైతునకు గింజకు నూరు గింజలు వచ్చునట్లు, ఇచ్చినదానికి నూరంతలుగా దేవుడు మరల నిచ్చునని యచ్చట జెప్పిరట. ఆ బాలుడు పుస్తకములు లేక నెలదినములు బడికి రాకపోగా మే మడిగినపుడు ఈ సంగతి బయటపడెను.

మేము క్రైస్తవులము కాము. పరుల మతములో మీకేమి పని యని యడుగువా రుందురు. మేము చదువు చెప్పెడి పిల్లలలో బలువురు ఆ ప్రార్థనామందిరములకు బోవు కూలిజనుల బిడ్డలు. వారి యింటి కూడు ఎక్కడికి బోవుచున్నదో తెలిసియు నూరకుండుట పరమతసహన మనిపించుకొనదు. పిరికితన మనిపించుకొనును. అదియునుగాక, మేము నిందించునది క్రీస్తు బోధను కాదు. ఆ బోధను బోర్లవేసి చూపుచున్న నేర్పును.

నేర్పని యేల యంటిమో చూడుడు. మొదట ధనమును నమ్మవలదని చెప్పి చేతిలోనిది విప్పించుదురు. వెంటనే, నీ విచ్చినది నూరంతలై నీ యింటికి వచ్చునని ఆశ పెట్టుదురు. ధనము నమ్మదగనిదే యైనచో దానిని బహుమానముగా నేల చూపవలెను? నమ్మదగినదే యైనచో ఆ కూలిదాని చేతిలో నుండనీయరాదా? సువార్తలోని భూస్వామి పెద్ద గాదెలకొరకు గలలు గనెను. ఆ కలకే దేవుడతనిని వెఱ్ఱివాడనెను. ఇప్పుడు ఆ కలనే కూలివాని కమ్ముచున్నారు. దేవుని నమ్ముట యనగా దేవుడు మంచి వడ్డీ నిచ్చునని నమ్ముటగా మారినది. అప్పులిచ్చు షావుకారును నమ్మినవానికిని వీనికిని భేదమేమి?

ఇక్కడ నొక మాటను గురించి చెప్పక తప్పదు. యేసు మాటాడిన యరమయికు భాషలోని "మామోను" అను పదమును గ్రీకున సువార్తలు వ్రాసినవారు మార్పక యట్లే యుంచిరి. దేవునికిని మామోనుకును ఒక్కడే సేవకుడుగా నుండజాలడని యా బోధ. తెలుగు బైబిలును సిద్ధపరచినవారు దానికి "సిరి" యని వ్రాసిరి. ఇది సంస్కృత "శ్రీ" శబ్దమునకు తద్భవము. ఏ సంకల్పముతో నెన్నుకొనిరోగాని, మన చెవికి ఆ మాట గట్టిగా తగులును. మనము సిరిని దేవతగా బూజించు జాతివారము. శుక్రవారమునాడు రూకలు బయటికీయము. గడప కడిగి ముగ్గు పెట్టి యామెను లోనికి బిలుతుము. ధనమునకు ఎదుటివాని నుద్యోగిగా కాక యజమానిగా ఏలుకొను శక్తి గలదని యేసు గుర్తించెను. అందుచేతనే దానిని దేవుని కెదురుగా నిలిపి మాటాడెను. ఆ యెదురును చెరిపి యిద్దరిని ఒక్క పీటమీద గూర్చుండబెట్టినచో నిక సువార్తలో మిగులున దేమి?

ఈ వ్యవహారము క్రైస్తవులలోనే యున్నదని మా వారు సంతోషింప నక్కరలేదు. కొండమీద కనకదుర్గమ్మకు మ్రొక్కుకొని ముడుపు గట్టుట మనకు దెలియనిది కాదు. 1924లో ఆర్లాటి యను ఇటలీదేశపు గురువు గుణదలలో మేరీమాత విగ్రహమును నిలిపిన తరువాత, ఫిబ్రవరినెల యుత్సవములకు బోవువారిలో హిందువులును గలరు. కొబ్బరికాయలును తలనీలాలును అక్కడికిని బోయినవి. బేరము మన రక్తములో నున్నది. అయినను ముడుపున నొక నిజాయితీ గలదు: కోరిక తీరిన పిమ్మట మ్రొక్కు చెల్లింతుము. విత్తనపు కానుకలో ముందే చెల్లింపవలెను. పంట రానిచో నీ విశ్వాసము చాలలేదని తప్పు మ్రొక్కినవానిమీదనే బడును. ఇంత భద్రమైన వ్యాపారము బందరు కోటలో దిగిన వర్తకులకు గూడ దొరకలేదు.

ఇది అపొస్తలులనాటిది కాదు. 1950 తరువాత అమెరికాలో రేడియోలద్వారా, టెలివిజనుద్వారా వ్యాపించిన బోధ. ఓరల్ రాబర్ట్స్ అను ప్రచారకుడు "విశ్వాసపు విత్తనము" అను మాటను లోకమున బ్రచారము చేసెను. కాని దీని తాతముత్తాతలు పూర్వమే యుండిరి. పాపక్షమాపణ పత్రములను సొమ్ముకు విడుచుటను ఆక్షేపించుచు 1517లో లూథరు లేచినాడు. ఆయన పేరు పెట్టుకొన్న సంఘమే, 1842లో ఫాదరు హేయరు గుంటూరునకు వచ్చినది మొదలుగా, కృష్ణ కావలియొడ్డున నున్నది. ఆ సంఘముల పెద్దలకు ఈ చరిత్రను మేము నేర్పనక్కరలేదు.

దీనికి వారు చెప్పెడి సమాధానమొకటి గలదు. దేవాలయములో రెండే కాసులు వేసిన బీద విధవను యేసు మెచ్చుకొనెను గదా యందురు. మెచ్చుకొనెను. కాని మార్కు సువార్తను, లూకా సువార్తను దెరచి, ఆ కథకు సరిగా ముందున్న మాటలను జదువుడు. దీర్ఘప్రార్థనలు చేయుచు విధవల యిండ్లు మ్రింగు శాస్త్రులను యేసు అచ్చటనే నిందించెను. ఆ నిందయు ఈ మెప్పును నొక్క పుటలోనివే. ఆ విధవను ఎవ్వరును అడుగలేదు. ఆమెకు నూరంతలు వచ్చునని యెవ్వరును ఆశ పెట్టలేదు. మా విద్యార్థి తల్లియు నట్టిదే. మేము కొందర ముపాధ్యాయులము కమ్మలు విడిపించి యిచ్చెదమని వెళ్ళగా నామె యొప్పుకొనలేదు. "దేవుడికిచ్చిన దానికి మీరు డబ్బు కడితే నేనిచ్చినట్టు ఎట్టా అవుద్ది మేష్టారూ!" అనెను. ఆమెకు విశ్వాసము నేర్పుటకు ఆ వేదికమీద నెవ్వరికిని అర్హత లేదని మాకు దోచినది.

మరియొక యాక్షేపణ మాకే కలిగినది, దానిని దాచము. ధనము నమ్మదగనిదనుట నిజమేనా? 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీద ఉప్పెన వచ్చి దాదాపు ముప్పదివేలమందిని బొట్టబెట్టుకొన్నది. దానిని జూపి సంపద క్షణభంగురమని యుపన్యసించుట సులభము. కాని 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో జరిగినదేమి? ప్రభుత్వపు లెక్కకే పదివేలమందివరకు జచ్చిరి. పూరిపాకలు కొట్టుకొనిపోయినవి, పక్కా కట్టడములపై కెక్కగలిగినవారిలో బలువురు బ్రదికిరి. ఇటుకయు సిమెంటును మనిషిని గాపాడినవి. అట్టిచోట పాకలోనివానితో సిరిని నమ్మవలదనుట పరిహాసము. తరువాత తీరము పొడవునను తుపాను రక్షణ గృహములు కట్టబడినవి. మే మనునది యిది: తన మేడను నమ్ముకొన్నవాడు ఆ మేడ తలుపు పొరుగువానికి దెరచుటయే యా బోధ కర్థము. పాకలోనివానికి ఆ బోధతో బనిలేదు. వానికి గట్టి యిల్లు కావలెను.

ఈ మాట చెప్పుటకు తగినవారు పూర్వము మన దేశమునకు రాకపోలేదు. ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణమున ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అను దంతవైద్యుడుండెను. మంచి రాబడి గలవాడు. భూమిమీద నాస్తి కూడబెట్టవలదన్న మాట అక్షరాల తనకే చెప్పబడినదని యెంచి, 1825లో ఆ విషయమై చిన్న పుస్తకము వ్రాసి, పిదప వృత్తిని వదలి 1829లో బాగ్దాదునకును, అటనుండి మన దేశమునకును వచ్చెను. 1836లో ఆయనవెంట వచ్చిన బౌడెను, బీరు అను చేతిపనుల కుటుంబములవారు బందరున దిగి, పిమ్మట నరసాపురము చేరి గోదావరి మండలమున బనిచేసిరి. వారికి నెలజీతమిచ్చు సంఘమేదియు లేకుండెను. వారి సిద్ధాంతములన్నియు మాకు సమ్మతములని చెప్పము. కాని ముందు తమ గాదెలు ఖాళీచేసికొని పిదప నోరు విప్పిన మనుష్యులు వారు. ఆ క్రమమును మేము మెచ్చుకొందుము.

బీదవారి నడుగనే కూడదా? అడుగవచ్చును. తిరునెల్వేలి సీమనుండి 1909లో దోర్నకల్లునకు వచ్చి, 1912 డిసెంబరు 29వ తేదీన ఆంగ్లికను సంఘమున భారతీయులలో మొదటి బిషప్పైన వేదనాయకము శామ్యూలు అజరయ్య బీదవారినే యడిగెను. ఆయన మందలో హెచ్చుమంది మాలమాదిగలు. తరువాత కృష్ణామండలపు సంఘములును ఆయన యధికారముక్రింద జేరినవి. అన్నము వండబోవునపుడెల్ల ఇల్లాలు పిడికెడు బియ్యము వేరుగా దీసియుంచి, దానిని గుడికి దెచ్చి సమర్పించుట ఆయన యేలుబడిలో నెల్ల పల్లెలకును అలవాటయ్యెను. దానమునుగూర్చి యాయన ప్రత్యేకముగా నొక గ్రంథము గూడ వ్రాసెను.

ఆ పిడికిలికిని ఈ విత్తనమునకును గల భేదమును తూచిచూడుడు. పిడికెడు బియ్యము ఎసటిలోనిది. తాకట్టు పెట్టి తెచ్చినది కాదు. దానికి నూరు పిడికిళ్ళు వచ్చునని ఎవ్వరును ఆశ పెట్టలేదు. పల్లెలోని గుడి పరాయిదొరల సొమ్ముతోగాక తమ కూటితో నిలువవలెనని అజరయ్య కోరిక. తరతరములుగా చేయిచాచి యడుగుటయే తెలిసిన జనమునకు, ఇచ్చుట గూడ మన చేతనగునని మొదటిసారి తెలిసినది. అది విశ్వాసమో, ఆత్మగౌరవమో, రెండునో మేము చెప్పజాలముగాని, 1945 జనవరి 1వ తేదీన ఆయన మరణించినపుడు విడిచిపోయిన యాస్తి యిదియే.

కనుక సభలు జరుపువారిని మేము రెండు సంగతులు మాత్రమే కోరుచున్నాము. ఆదివారమున వచ్చిన కానుక యెంతో, అది దేనికి వ్యయమైనదో మరుసటి యాదివారము చదివి వినిపింపుడు. నూరంతలు వచ్చునను మాటను వేదికపైనుండి దింపుడు. ఈ రెంటివలన మతమునకు లోపము రాదు, రాబడికి వచ్చునేమో!

మన గృహస్థులను, క్రైస్తవులనుగూడ గలుపుకొని, కోరవలసిన దింకొకటి గలదు. కట్నము నిషేధించు చట్టము 1961లో వచ్చెను. అయినను మన మండలమున చదువుకొన్న వరునకు ఎకరములుగా, స్థలములుగా, లక్షలుగా వెల కట్టుచునే యున్నారు. హిందువుల యిండ్లలో గణపతిపూజతోను, క్రైస్తవుల యిండ్లలో ప్రార్థనతోను ఆ బేరము మొదలగును. కూలిదాని కమ్మలపై వాలిన వారిని మనము తిట్టుకొందుము. కూతురున్న తండ్రి పొలముపై మన కన్నులు వాలినపుడు దానికి లాంఛనమని పేరు పెట్టుదుము. ఈ యేడు సంబంధములు కుదుర్చుకొనువారు, తాంబూలములు పుచ్చుకొనుటకు ముందు, ఉభయపక్షముల పెద్దల నడుమను ఆ గాదెల కథను ఒకమారు బిగ్గరగా చదివించి, ఆ పిమ్మట ఇచ్చిపుచ్చుకొనుటల మాట యెత్తగలరేమో చూడుడు.