.358 వించెస్టర్‌కు కాలం చెల్లలేదు

సంపాదకులకు,

.358 వించెస్టర్ పని అయిపోయిందన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. .308 వించెస్టర్ తూటా కేసు (తొడుగు) మెడను వెడల్పు చేసి 1955లో తెచ్చిన రైఫిల్ తూటా ఇది. దట్టమైన అడవిలో, దగ్గరి నుంచి ఎల్క్, మూస్ లాంటి పెద్ద జంతువులను కొట్టడానికి దాని 200 గ్రెయిన్ల గుండు చక్కగా సరిపోతుంది. అమెరికాలో దీన్ని వెనక్కి నెట్టింది సత్తా లేకపోవడం కాదు, దూరాన్ని ఛేదించే మాగ్నమ్ తూటాల మోజు.

1905 నాటి జర్మన్ తూటా 9.3×62ను చూడండి. యూరప్ కంపెనీలు ఆ తూటాలనూ, వాటికి తగిన రైఫిళ్లనూ అందిస్తున్నాయి కనుకే అది నేటికీ నిలిచింది. .358కీ కావలసింది అదే. సొంతంగా తూటాలు నింపుకునే కొద్దిమంది మీదే భారం వేయకుండా, కంపెనీలు క్రమం తప్పకుండా సరఫరా చేయాలి. అంగడిలో తూటా దొరుకుతుందన్న భరోసా ఉంటే కొత్త వేటగాళ్లు తప్పక కొంటారు.

— ఒక పాఠకుడు, మిషిగన్