చెవి నాది, ఎంపిక ఆయనదా?

“వంటింట్లో ఉండేదానివి, నీకెందుకోయ్ ఇయర్‌ఫోన్లు? నా పాతవున్నాయిగా!” అన్నారు మావారు.

చూశారా వరస! చెప్పులు ఎవరి సైజువి వారికే కొంటాం గదా, చెవికి మాత్రం ఒకరు వాడి వదిలేసినవా? కొత్తవి కొంటే పెట్టెలో 3 సైజుల రబ్బరు తొడుగులిస్తారు. మధ్య సైజు తగిలించి ఉంటుంది. అది నా చెవిలో నిలవదు. సందుంటే మృదంగం ఎడమవైపు నాదమంతా గాలికి పోతుంది. అది వినబడాలని సౌండు పెంచితే చెవికే చేటు. 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలే క్షేమమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

నేనే వెళ్ళి కొనుక్కుని, చిన్నవి తొడిగాను. 30 ఏళ్లుగా వింటున్న చిట్టిబాబు వీణలో తంత్రిమీద వేలు జారే చప్పుడు కూడా వినిపించిందండీ!

“పిలిస్తే పలకవేం?” అని ఇప్పుడు గొడవ. పేపరు చదివేటప్పుడు ఆయన ఏనాడు పలికారు గనక!