లోపము వేఱు, కుట్ర వేఱు

ధరవరలను, వానకబురులను మనలో పెక్కుమంది చేతిఫోనులోనే వెదకుచున్నాము. నాలుగక్షరములు వ్రాయగనే జనులు తఱచుగ వెదకు మాటలు క్రింద వరుసగ కనబడును. ఆ వరుసలో నొకమాట లేకున్నచో, దానిని కావలెననియే దాచిరని కేకలు వేయువారు కలరు.

2024 జూలై 13వ తేదీన అమెరికాదేశమున బట్లరు పట్టణముకడ డొనాల్డు ట్రంపుపై హత్యాప్రయత్నము జరిగెను. ఆ నెలాఖరున గూగులులో ఆ సంగతి వెదకబోయినవారికి సూచనలలో ఆయన పేరు కానరాలేదు. ఎన్నికలకై పన్నిన కుట్రయని వదంతి చెలరేగెను. ఈలాన్ మస్కు సైతము ఆక్షేపించెను.

సంస్థవారి సమాధాన మిది: రాజకీయహింసకు సంబంధించిన మాటలను సూచింపకుండుటకు పూర్వమే కట్టడి కలదు, అది కాలానుగుణముగ సవరింపబడలేదు. మాటలు పూర్తిగ వ్రాసి వెదకినవారికి వార్తలు దొరకుచునే యుండెను. దాచదలచినవాడు వీథితలుపు తెఱచి యుంచునా?

సకాలమున సవరింపకుండుట సంస్థ లోపమే. కోట్లమంది నమ్ము పనిలో నంతటి యేమఱుపాటు క్షమింపదగినది కాదు. అయినను లోపమును కుట్ర యనుట న్యాయము కాదు. సొసైటీ చిట్టాలో నొకపద్దు కానరానిచో, ముందు కార్యదర్శి నడిగి, రసీదులు చూచి, ఆపైననే దొంగతనమన్న మాట యెత్తుదుము గదా!

రేపు పత్తిధరను గూర్చి యిట్టి వదంతి వచ్చిననాడు తొందరపడి సరుకు తెగనమ్ముకొనకుడు. ముందు సొసైటీకి వచ్చి విచారింపుడు.