ఆశ్రయం పద్దు, సభ చేతిలోని కత్తెర

పద్దుల గురించి టపా రాస్తే చదివే ఓపిక ఎవరికుంటుందని ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాను. కథలూ, కవితలూ, పాత పుస్తకాల ముచ్చట్లూ చెప్పుకునే ఈ చోట బ్రిటన్ హోం శాఖ జమాఖర్చుల ప్రస్తావన ఎందుకని మిత్రులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఈ సంగతి నాకు తెలిసింది లెక్కల పుస్తకాల వల్ల కాదు, ఒక మనిషి వల్ల. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు ఇంగ్లండు నడిమి ప్రాంతంలోని ఒక పట్టణంలో ఉన్నాను. అక్కడ ఒక చర్చి హాలులో, ఆశ్రయం కోరి వచ్చినవారికి శనివారాలు ఇంగ్లీషు నేర్పేవారు. మన ఇంగ్లీషు కూడా ఒకరికి పనికివస్తుందన్న ఉబలాటంతో నేనూ చేరాను. నా ఎదుట కూర్చున్న వారిలో ఒకతను ఎరిత్రియాలో బడిపంతులు. 2021 ఆగస్టులో చిన్న పడవలో కాలువ దాటి వచ్చాడు. నేను కలిసేనాటికి అతడు హోటల్ గదిలో దిగి పద్నాలుగు నెలలయింది. పని చేయడానికి అనుమతి లేదు. తిండి హోటలువాళ్ళే పెడతారు. చేతి ఖర్చుకు వారానికి ఎనిమిదీ తొమ్మిదీ పౌండ్లు. ఇంటర్వ్యూకు పిలుపు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో అతనికి తెలియదు, నాకూ తెలియదు.

2022 అక్టోబరులో పార్లమెంటు హోం వ్యవహారాల సంఘం ముందు ఆ శాఖ అధికారులు కూర్చుని చెప్పిన జవాబులలో కారణం దొరికింది. 2021లో చిన్న పడవలలో వచ్చినవారి దరఖాస్తులలో అప్పటికి తేలినవి నూటికి నాలుగు. ఒక్కొక్క నిర్ణయాధికారి వారానికి సగటున తేలుస్తున్నవి 1.3 దరఖాస్తులు. ఆ కొలువులో 2021-22లో వదిలి వెళ్ళిపోయినవారు నూటికి 46 మంది. చేరినవాడికి పని నేర్పే లోపల వాడు రాజీనామా పత్రం రాసుకుంటున్నాడన్నమాట. మనిషి బ్రతుకు గురించి, చావు గురించి వినిపించే కథను నమ్మాలో వద్దో తేల్చవలసిన ఉద్యోగం అది. కింది తరగతి గుమాస్తాకు ఆ పని అప్పగించి, వారానికి ఇన్ని తేల్చమని లెక్క పెడితే నిలిచేవారెవరు?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. చిక్కులు లేని దరఖాస్తులలో 98 శాతాన్ని ఆరు నెలలలో తేల్చాలన్న గడువు 2014 నుంచి ఆ శాఖకు ఉండేది. 2019 జనవరిలో దానిని ఎత్తివేశారు. కొలబద్దే లేకపోయాక పొడుగూ పొట్టీ తేల్చేదెలా?

ఇప్పుడు పద్దుల దగ్గరికి వస్తాను. ఆశ్రయార్థికి, అతడు నిరుపేద అయితే, తల దాచుకునే చోటు చూపించడం ఆ సంవత్సరాలలో చట్టరీత్యా ప్రభుత్వ బాధ్యతగా ఉండేది. అది తప్పించుకోలేని ఖర్చు. గుమాస్తాను నియమించడం మాత్రం ఇష్టాయిష్టాలకు లోబడినది. కాబట్టి పొదుపు చేయమని ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ కత్తెర గుమాస్తా మీదే పడుతుంది, హోటల్ బిల్లు తన దారిన తాను పెరుగుతుంది. 2023లో ఆ బిల్లు రోజుకు 80 లక్షల పౌండ్లు. గుమాస్తాకు ఏడాదికి 30 వేల పౌండ్ల జీతం అనుకుని నేనొక చిన్న లెక్క వేసుకున్నాను. హోటళ్ళకు ఒక్క రోజు ఇచ్చే సొమ్ముతో 260 మందికి పైగా ఏడాది జీతం ఇవ్వవచ్చు. ఈ లెక్క వేయడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు, మా ఊరి కిరాణా కొట్టు శెట్టిగారైనా వేయగలరు.

మరి సభ ఏం చేసినట్టు? సభకు చూపించిన అంకె వేరు. లండన్‌లోని ఆర్థిక అధ్యయన సంస్థ ఐఎఫ్‌ఎస్ 2024 ఆగస్టులో ఈ గుట్టు విప్పింది. 2021-22 నుంచి మూడేళ్ళపాటు ఆశ్రయం, సరిహద్దులు, వీసాలు, పాస్‌పోర్టుల నిర్వహణకని ఏడాది మొదట సభను అడిగిన మొత్తం సగటున 11 కోట్ల పౌండ్లు. నిజంగా అయిన ఖర్చు సగటున 260 కోట్ల పౌండ్లు. అంచనా తప్పడం ఎవరికైనా సహజమే. ఒకే వైపుకు, ఇరవై రెట్లకు పైగా, వరసగా మూడేళ్ళు తప్పితే దానిని అంచనా అనకూడదు. తేడా సొమ్మును ఏటా ఆర్థిక సంవత్సరం చివరి నెలలలో అనుబంధ పద్దుగా తెచ్చి సభ ముందు పెట్టారు. అప్పటికి ఖర్చు చాలావరకు అయిపోయే ఉంటుంది. పెళ్ళి భోజనాలు ముగిశాక పెద్దాయనను పిలిచి, వంటలో ఏం మార్చమంటారని అడిగినట్టుంటుంది. (అన్నట్టు, వీసా రుసుముల రాబడిని మినహాయించేది కూడా ఈ నిర్వహణ ఖర్చులోనే. అమీర్‌పేట నుంచి, గుంటూరు నుంచి అప్పులు చేసి వెళ్ళే మన పిల్లలు కట్టే రుసుము కూడా ఆ అంకెను చిన్నదిగా చూపించడానికి తోడ్పడింది.)

పద్దును పొరుగింట్లోకి జరపడం మరొక ఉపాయం. ఆశ్రయార్థులకు మొదటి ఏడాది పెట్టే ఖర్చును విదేశీ సహాయం కింద రాసుకోవడానికి అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకుంటాయి. 2023లో బ్రిటన్ అలా రాసుకున్నది దాదాపు 430 కోట్ల పౌండ్లు, అంటే మొత్తం సహాయంలో నూటికి 28 వంతులు. ఆఫ్రికాలో ఆసుపత్రికి చేరవలసిన సొమ్ము ఇంగ్లండులో హోటలు యజమానికి చేరింది. ఇందులో అక్రమం లేదు. నాకు బాధ కలిగించేది కూడా అదే.

ఇక్కడ నేను చెప్పదలచిన అసలు మాట ఒకటుంది. పార్లమెంటు సోమరితనమే దీనికి కారణమని పత్రికలలో రాసేవారున్నారు. నేను ఒప్పుకోను. ఆ సభకు పద్దు మీద ఉన్న అధికారం తగ్గించడమే కాని పెంచడం కాదు. పెంచమని అడిగే హక్కు మంత్రులది. తగ్గించే హక్కును కూడా కామన్స్ సభ చివరిసారిగా వాడింది 1919లో. అది కూడా లార్డ్ ఛాన్సలర్ గారికి ఒక స్నానాల గది కట్టించే ఖర్చు మీద! వందేళ్ళకు పైగా తుప్పు పట్టిన ఆ కత్తెర తప్ప సభ్యుడి చేతిలో ఏమీ లేదు. గుడ్డ ఇప్పటికే చాలలేదు, ఇంకో రెండు గజాలు వేసి కుట్టమని చెప్పవలసిన సందర్భంలో కత్తెర దేనికి పనికివస్తుంది? గుమాస్తాలు చాలరు, ఇంకో వెయ్యి మందికి జీతాలు కేటాయించండి అని ఏ సభ్యుడైనా సవరణ ప్రతిపాదించబోతే నియమాలు అడ్డు వస్తాయి. ఖర్చు దాచడానికి ఇంతకంటె సులువైన దారి లేదు. తక్కువ అడిగితే చాలు, దానిని కోయడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇది మనకు తెలియని వ్యవహారం కాదు. ఆ సంప్రదాయాన్నే మనమూ తెచ్చుకున్నాము. రాజ్యాంగం 113వ అధికరణం ప్రకారం లోక్‌సభ ఒక పద్దును ఆమోదించవచ్చు, నిరాకరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే వీలు లేదు. శాసనసభలకు 203వ అధికరణం అదే చెబుతుంది. మన సభ్యులు పద్దులో ఒక్క వంద రూపాయలు తగ్గించమని కోత తీర్మానం పెట్టి, ఆ నెపంతో తమ ఊరి ఆసుపత్రిలో డాక్టరు లేడన్న మాట చెప్పుకుంటారు. ఎక్కువ కావాలని అడగడానికి తక్కువ చేయమని తీర్మానం పెట్టవలసి రావడంలోని వింత నన్ను చిన్నప్పటి నుంచీ వెంటాడుతూనే ఉంది. ఇక ఆశ్రయం సంగతికి వస్తే, 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకమే చేయలేదు, ఆ పనికి విడిగా ఒక చట్టమూ లేదు. ఈ విషయంలో ఇంగ్లండు వారికి నీతులు చెప్పే స్థితిలో మనం లేము.

సంఘాలకు ప్రశ్నించే అధికారం ఉంది కదా అంటారు. ఉంది, దాని విలువ తక్కువ కాదు. రువాండా ఒప్పందం వ్యవహారంలో చూశాము. అప్పటికి తెలిసిన 14 కోట్ల పౌండ్లకు తోడు, 2023 ఏప్రిల్‌లోనే మరో 10 కోట్లు చెల్లించారన్న సంగతి ఆ ఏడాది డిసెంబరులో గాని బయటపడలేదు. హోం వ్యవహారాల సంఘం అధ్యక్షురాలు డయానా జాన్సన్, ప్రజా పద్దుల సంఘం అధ్యక్షురాలు మెగ్ హిలియర్ పట్టువదలకుండా అడిగితే హోం శాఖ ప్రధాన కార్యదర్శి లేఖ రాశారు. ఏడాదికి ఒకసారి వార్షిక నివేదికలో చెబుతాము, అంతవరకు ఆగండి అన్నది అంతకుముందు వరకు శాఖ వైఖరి. మొత్తం మీద ఆ పథకానికి 70 కోట్ల పౌండ్లు అయిందని 2024 జూలైలో కొత్త హోం మంత్రి సభకు చెప్పారు. వెళ్ళినవారు నలుగురు, వారు కూడా తమ ఇష్టంతో వెళ్ళినవారు. సంఘం గట్టిగా అడిగితే నిజం వస్తుంది. డబ్బు మాత్రం వెనక్కి రాదు.

ఒత్తిడి పెరిగినపుడు శాఖ ఏం చేసిందో కూడా చూడాలి. పేరుకుపోయిన పాత దరఖాస్తులు 92 వేలను 2023 చివరికల్లా తేలుస్తామని ప్రధాని రిషి సునాక్ 2022 డిసెంబరులో మాట ఇచ్చారు. గుమాస్తాల సంఖ్యను 2,500కు పెంచారు. ఇది మంచి పని. మా ఎరిత్రియా పంతులుకు ఇంటర్వ్యూకు బదులు ఒక ప్రశ్నపత్రం వచ్చింది. అందులో యాభైకి పైగా ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులో. ఇరవై పనిదినాలలో పూర్తిచేసి పంపాలి. సలహా ఇవ్వడానికి నాకు అర్హత లేదు, అది అక్కడ నేరం కూడా. అందుచేత మాటలకు అర్థాలు మాత్రం చెప్పాను. పూర్తి చేసి కవరు అంటిస్తూ అతనొక మాట అడిగాడు. వీటిలో నేను దిగిన మొదటి వారంలోనే అడగలేని ప్రశ్న ఏది అని. నేను మళ్ళీ కాగితాలు తిరగేశాను. ఒక్కటీ కనబడలేదు.

2024 జనవరిలో పాత బకాయి తీరిపోయిందని ప్రకటించారు. దాదాపు 4,500 దరఖాస్తులు అప్పటికీ మిగిలే ఉన్నాయని వారే ఒప్పుకున్నారు. తీరినవాటిలో సుమారు 35 వేలు మంచిచెడ్డలు విచారించి తేల్చినవి కావు, ఉపసంహరణలూ అలాంటివీను. అలా ఉపసంహరించినట్టు లెక్కవేసిన 17 వేల మంది ఎక్కడున్నారని అంతకుముందు సంఘం అడిగితే, అందరూ ఎక్కడున్నారో తమకు తెలియదని అధికారులు జవాబిచ్చారు. నిరాకరించినవి అప్పీళ్ళకు వెళ్ళాయి. 2025 మార్చి నాటికి అప్పీళ్ళలో వేచి ఉన్నవి 50 వేలు దాటాయి. ఒక గదిలో చెత్తను ఊడ్చి పక్క గదిలో పోసినంత మాత్రాన ఇల్లు శుభ్రపడదు. ఇంతలో, పదేళ్ళకు 450 కోట్ల పౌండ్లు అవుతుందని 2019లో మొదలుపెట్టిన వసతి కాంట్రాక్టుల ఖర్చు 1,530 కోట్లకు చేరుతుందని జాతీయ ఆడిట్ కార్యాలయం 2025 మేలో లెక్క తేల్చింది.

ఇలాంటి శాఖను సభ నిజంగా అదుపులో పెట్టాలంటే డబ్బు అంకె దగ్గర మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. ఏడాది మొదట పద్దు తెచ్చేటప్పుడే దాని పక్కన మూడు సంగతులు రాయించాలి. నిర్ణయాధికారుల కుర్చీలు ఎన్ని, వాటిలో ఖాళీలు ఎన్ని, నిరుడు వదిలివెళ్ళినవారు ఎందరు. ఇవి సభ్యుడికి తెలిస్తే, హోటల్ బిల్లు ఎంత వస్తుందో ఎవరూ చెప్పకుండానే ముందుగా ఊహించగలడు. పద్దు పెంచే హక్కు లేకపోయినా, ఈ అంకెలు లేని పద్దును తిప్పి పంపడానికి ఆ పాత కత్తెర చాలు. శాఖలను మార్చడం, పేర్లు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. సరిహద్దుల సంస్థ అని ఒకదానిని విడిగా నడిపి, అది లోపల ఏం చేస్తున్నదో తెలియకుండా పోయిందని 2013లో రద్దు చేసినవారు కూడా వారే. పని మళ్ళీ శాఖలోకి వచ్చింది, గుట్టు మాత్రం అలాగే ఉంది.

పంతులుకు 2023 అక్టోబరులో ఆశ్రయం మంజూరయింది. వచ్చిన రెండేళ్ళ రెండు నెలలకు. హోటల్ ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు 28 రోజులు.